ప్రాక్టీసులో బాగానే ఆడుతున్నాను, మ్యాచ్‌లో ఎందుకు ఓడిపోతున్నాను?

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. రాజమండ్రిలో ఉద్యోగం. కొన్నేళ్లుగా క్లబ్బులో టెన్నిస్ ఆడుతున్నాను. వారంలో మూడు రోజులు పొద్దున్నే ఒక మిత్రుడితో గంటసేపు ర్యాలీ ఆడతాను. ఒకరోజు మార్కర్ (క్లబ్బులో బంతులు అందిస్తూ సాధన చేయించే వ్యక్తి) బుట్టెడు బంతులు అందిస్తే వరసగా ఫోర్‌హ్యాండ్‌లు, ఆ తర్వాత బ్యాక్‌హ్యాండ్‌లు కొడతాను. ఇరవై, ముప్పై బంతుల ర్యాలీ ఆగకుండా ఆడగలను. కానీ ఆదివారం డబుల్స్ మ్యాచ్‌లోనూ, అప్పుడప్పుడు ఆడే సింగిల్స్‌లోనూ ఆ ఆట ఏమైపోతుందో తెలియదు. రెండో సర్వీసుకు చెయ్యి బిగుసుకుపోతుంది, రెండు సర్వీసులూ తప్పి డబుల్ ఫాల్టులు పడతాయి. నా బంతులు ఎదుటి కోర్టు మధ్యలో ఉండే సర్వీస్ లైన్ దగ్గరే పడుతున్నాయని మిత్రులు అంటున్నారు. ఉన్న గంటలో ఎలాంటి డ్రిల్స్ చేయాలి? మా తొమ్మిదేళ్ల పాప కూడా ఆడతానంటోంది. తనకు ఎలా మొదలుపెట్టాలో కూడా చెప్పండి.
– ఒక పాఠకుడు, రాజమండ్రి

సమాధానం: ఇరవై, ముప్పై బంతుల ర్యాలీ ఆడగలిగే మీకు స్ట్రోకులు రాకపోవడం అనే సమస్య లేదు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో సర్వీసు సాధన చేస్తున్నట్టు ఎక్కడా లేదు, సర్వీసును తిరిగి కొట్టే రిటర్న్ ప్రస్తావనే లేదు. ప్రొఫెషనల్ టెన్నిస్‌లోనే ఎక్కువ పాయింట్లు నాలుగు షాట్లలోపు ముగిసిపోతాయి. అంటే సర్వీసు, రిటర్న్, ఆ తర్వాత ఒకటి రెండు బంతులు. మీరు వారమంతా సాధన చేస్తున్నది పాయింటులో ఏడో బంతి నుంచి ఇరవయ్యో బంతి వరకు జరిగే ఆటను. మ్యాచ్‌లో అక్కడిదాకా వెళ్లే పాయింట్లు చాలా తక్కువ.

ఇంకో విషయం. మిత్రుడితో ర్యాలీ ఆడేటప్పుడు ఆయన మీకు అందేలా కొడతారు, మీరు ఆయనకు అందేలా కొడతారు. మార్కర్ అందించే బంతి ఎటు వస్తుందో, ఎంత ఎత్తు లేస్తుందో ముందే తెలుసు. వరసగా యాభై ఫోర్‌హ్యాండ్‌లు కొడితే ఇరవయ్యో బంతి దగ్గర చెయ్యి కుదురుతుంది, ముప్పయ్యో బంతికి ఆనందం కలుగుతుంది. మ్యాచ్‌లో ఒకేలాంటి బంతి వరసగా రెండుసార్లు కూడా రాదు. 1986లో గూడ్, మాగిల్ అనే ఇద్దరు పరిశోధకులు బ్యాడ్మింటన్ నేర్చుకుంటున్న వారికి మూడు రకాల సర్వీసులు నేర్పించారు. కొందరు ఒక్కో రకాన్ని వరసగా సాధన చేశారు, కొందరు మూడింటినీ కలగాపులగంగా సాధన చేశారు. తర్వాత పరీక్ష పెట్టినప్పుడు కలగాపులగంగా నేర్చుకున్నవారే బాగా చేశారు. సాధన చేస్తున్నంతసేపూ ఆ పద్ధతి చికాకు పెడుతుంది, ఆట దిగజారినట్టే అనిపిస్తుంది. ఆ చికాకును భరించమనే నేను మిమ్మల్ని అడుగుతున్నాను. కింద చెప్పే డ్రిల్స్ అన్నిటికీ మూలం ఇదే: తర్వాతి బంతి ఎలా వస్తుందో తెలియకూడదు, పోయిన బంతికి ఒక పాయింటు పోవాలి.

ముందు సర్వీసు సంగతి చూద్దాం, ఎందుకంటే మీ భయమంతా అక్కడే ఉంది.

రెండో సర్వీసుకు భయపడినవాళ్లు చేసే పని ఒకటే: చేతి వేగం తగ్గిస్తారు. బంతిని మెల్లగా అవతలికి నెట్టాలని చూస్తారు. అప్పుడు బంతి మీద స్పిన్ ఉండదు. స్పిన్ లేని బంతిని కిందికి దించేది దాని బరువొక్కటే. కోర్టు చివరి గీత అయిన బేస్‌లైన్ నుంచి ఎదుటి సర్వీస్ లైన్‌కు 60 అడుగుల దూరం. మధ్యలో 3 అడుగుల వల. ఆ వల దాటి, ఆ గీతలోపు పడాలంటే బంతి పైనుంచి వంగి దిగాలి, దాన్ని వంచేది టాప్ స్పిన్, అంటే బంతి ముందుకు దొర్లుతున్నట్టు తిరగడం. టాప్ స్పిన్ రావాలంటే రాకెట్ వేగంగా కదలాలి. కాబట్టి రెండో సర్వీసుకు కూడా మొదటి సర్వీసంత వేగంగానే చెయ్యి విసరాలి, ఆ వేగాన్ని ముందుకు కాకుండా బంతి వెనక పైపైకి ఒరుసుకుంటూ పోవడానికి వాడాలి. పట్టు కూడా చూసుకోండి. ఫోర్‌హ్యాండ్ పట్టుతోనే సర్వీసు చేసేవారు మన క్లబ్బుల్లో చాలామంది ఉన్నారు. ఆ పట్టుతో స్పిన్ రాదు. సుత్తిని పట్టుకున్నట్టు పట్టుకునే కాంటినెంటల్ గ్రిప్ కావాలి. మొదటి రెండు వారాలు బంతులు ఎటో పోతాయి. పోనివ్వండి, మళ్లీ పాత పట్టుకు మాత్రం వెళ్లకండి.

దీనికి డ్రిల్ ఇలా. బేస్‌లైన్ నుంచి మొదలుపెట్టకండి. మీవైపు సర్వీస్ లైన్ మీద నిలబడి, స్పిన్‌తో, సర్వీసు పడాల్సిన ఎదుటి బాక్సులో వరసగా మూడు సర్వీసులు వేయండి. మూడూ పడితే ఒక పెద్ద అంగ వెనక్కి. మళ్లీ మూడు. ఒకటి తప్పితే ఒక అంగ ముందుకు. ఇలా బేస్‌లైన్‌కు చేరాలి. దగ్గర నుంచి వేసేటప్పుడు దూరం తక్కువ కాబట్టి బలం మీద కాకుండా స్పిన్ మీదే దృష్టి పెట్టగలరు, అలా స్పిన్ అలవాటవుతుంది. పది నిమిషాల పని ఇది. వారంలో రెండు రోజులు చేయండి.

సర్వీసుకు బంతి ఎగరేసే టాస్ సాధనకు కోర్టు కూడా అక్కర్లేదు, ఇంటి డాబా చాలు. ఎడమ పాదం ముందు, కొంచెం కుడివైపుగా రాకెట్‌ను నేలమీద పెట్టండి. మీరు ఎడమచేతి ఆటగాడైతే దీన్ని అటుదిటు చేసుకోండి. బంతి ఎగరేసి, కొట్టకుండా వదిలేస్తే అది రాకెట్ తీగల మీద పడాలి. ముంజేతిని తిప్పకుండా, భుజం నుంచి చెయ్యంతా లేపుతూ బంతిని వదలాలి. డబుల్ ఫాల్టులు ఎక్కువగా పడేవారి సర్వీసు గమనిస్తే సగం తప్పు టాస్‌లోనే కనిపిస్తుంది. టాస్ చెడితే కొట్టకండి, పట్టుకుని మళ్లీ ఎగరేయండి. నియమాలు దానికి అనుమతిస్తాయి.

ఇక మిత్రుడితో ఆడవలసిన ఆట. ఒకే సర్వీసు నియమంతో 11 పాయింట్లు ఆడండి. మొదటి సర్వీసు అనేది ఉండదు. వేసింది పడకపోతే పాయింటు పోయినట్టే. ప్రతి పాయింటుకూ కుడి ఎడమ వైపులు మారాలి, మ్యాచ్‌లో మారినట్టే. ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన డ్రిల్. ఒక నెలపాటు వారానికి మూడుసార్లు ఇలా ఆడితే, ఆదివారం మ్యాచ్‌లో రెండో సర్వీసు వేసేటప్పుడు మీరు కొత్త పనేమీ చేస్తున్నట్టు ఉండదు. మీ మిత్రుడికి ఇందులో రిటర్న్ సాధన ఉచితంగా దొరుకుతుంది. తర్వాత పాత్రలు మార్చుకోండి.

రిటర్న్‌కు విడిగా ఒక పద్ధతి ఉంది. మిత్రుడిని బేస్‌లైన్‌కు ఒకటిన్నర గజం ముందుకు వచ్చి సర్వీసు చేయమనండి. బంతి మీ దగ్గరికి తొందరగా వస్తుంది. రాకెట్‌ను బాగా వెనక్కి తీసే పెద్ద బ్యాక్‌స్వింగ్‌కు వ్యవధి ఉండదు. భుజాలు తిప్పి, రాకెట్‌ను బంతికి అడ్డం పెట్టి, మధ్య నుంచి లోతుగా తిరిగి పంపడమే పని. మీ ఊహ ప్రకారం అది బలహీనమైన రిటర్న్. కానీ క్లబ్ స్థాయిలో ప్రతి రిటర్న్‌ను కోర్టులో పెట్టేవాడితో ఆడటం ఎంత కష్టమో ఆదివారం మీ ఎదుటివాళ్లను అడిగి చూడండి. ఇదే డ్రిల్‌లో స్ప్లిట్ స్టెప్ కూడా నేర్చుకోవచ్చు. ఎదుటివాడి రాకెట్ బంతిని తాకే క్షణంలో రెండు పాదాలతో చిన్నగా ఎగిరి, బంతి ఎటు వస్తుందో తెలిసే సమయానికి నేలకు దిగాలి. నిలబడిపోయిన కాళ్లతో బంతికి చేరడం అసాధ్యం. చాలామంది బంతి వల దాటి తమవైపు వచ్చాక కదులుతారు. మీరు ఎలా చేస్తున్నారో తెలియాలంటే ఫోనును కంచెకు కట్టి పది నిమిషాలు వీడియో తీయండి.

సర్వీస్ లైన్ దగ్గర పడుతున్న బంతుల గురించి. సర్వీస్ లైన్‌కూ బేస్‌లైన్‌కూ మధ్య 18 అడుగులు ఉంటుంది. దాన్ని సగం చేసి, బేస్‌లైన్‌కు 9 అడుగుల ఇవతల రెండువైపులా ఒక గీత గీయండి. మట్టి కోర్టు అయితే ముగ్గుపిండి చాలు, సింథటిక్ కోర్టు అయితే సుద్దముక్క. ఇప్పుడు ఇద్దరూ ఒకే మూల నుంచి ఐమూలగా ఎదుటి మూలకు, అంటే క్రాస్ కోర్ట్ మాత్రమే ఆడండి. మొదటి నాలుగు బంతులు స్నేహంగా, అయిదో బంతి నుంచి పాయింటు. మీ బంతి సర్వీస్ లైన్‌కు ఇవతల పడితే మీ పాయింటు పోయింది. గీత అవతల, బేస్‌లైన్ లోపల పడిన బంతితో పాయింటు గెలిస్తే రెండు పాయింట్లు. 11కు ఆడండి. తర్వాత ఎడమ మూలకు మారండి.

ఈ ఆటలో మీకు త్వరలోనే తెలిసే విషయం: లోతు బలంతో రాదు, ఎత్తుతో వస్తుంది. వలకు ఒక అంగుళం పైనుంచి దూసుకుపోయే బంతి చూడటానికి బాగుంటుంది, కానీ ఎక్కువ దూరం పోదు. వల స్తంభాలకు రెండు వెదురు కర్రలు కట్టి, నేల నుంచి ఆరడుగుల ఎత్తులో ఒక తాడు కట్టండి. ర్యాలీ బంతులన్నీ ఆ తాడు పైనుంచే పోవాలని నియమం పెట్టుకోండి. రెండు రోజుల్లోనే మీ బంతులు బేస్‌లైన్‌కు దగ్గరవుతాయి, వలలో పడటం తగ్గుతుంది. బయటికి పోయే బంతుల గురించి చింత వద్దు. వాటిని లోపలికి తేవడానికి టాప్ స్పిన్ ఉంది, వలలో పడ్డ బంతిని ఏ స్పిన్నూ కాపాడలేదు.

క్రాస్ కోర్ట్ అని పట్టుబట్టడానికి కారణం ఉంది. కోర్టు పొడవు 78 అడుగులు. సింగిల్స్ కోర్టులో ఒక మూల నుంచి ఎదుటి మూలకు కొలిస్తే 82 అడుగుల పైనే. వల మధ్యలో 3 అడుగుల ఎత్తు ఉంటే, అంచుల్లో మూడున్నర. అంటే అడ్డంగా కొట్టినప్పుడు వల తక్కువ ఎత్తు, కోర్టు ఎక్కువ పొడవు. గీత వెంబడి నిటారుగా కొట్టినప్పుడు రెండూ మీకు వ్యతిరేకమే. ఒత్తిడిలో ఉన్నప్పుడు ఎటు కొట్టాలో ఆలోచించే వ్యవధి ఉండదు, చెయ్యి అలవాటైన వైపే వెళ్తుంది. ఆ అలవాటు క్రాస్ కోర్ట్ అయితే మీరు సురక్షితం.

మీ ఇద్దరికీ కాళ్లలో సత్తువ ఉన్న రోజున 8 అంకె డ్రిల్ చేయండి. ఒకరు ఎప్పుడూ అడ్డంగా, ఇంకొకరు ఎప్పుడూ నిటారుగా కొట్టాలి. బంతి కోర్టు మీద 8 అంకె గీస్తున్నట్టు తిరుగుతుంది, ప్రతి బంతికీ ఇద్దరూ పరుగెత్తాలి. అయిదు నిమిషాలకు మించి చేయలేరు, చేయనక్కర్లేదు. మే నెలలో అయితే అసలు వద్దు. గోదావరి గట్టున పొద్దున ఏడు దాటితే ఆ ఎండ, ఆ ఉక్క ఎలా ఉంటాయో మీకే బాగా తెలుసు.

మీ మ్యాచ్‌లలో ఎక్కువ డబుల్స్ అన్నారు. మన క్లబ్బులన్నిటిలోనూ అంతే. అయినా సాధన మాత్రం ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి కోర్టు మధ్య నుంచి బంతి కొట్టుకోవడమే. డబుల్స్‌లో ఆ బంతి నేరుగా ఎదుటి వల దగ్గర నిలబడ్డవాడి రాకెట్‌కు వెళ్తుంది. 2015–16లో సానియా మీర్జా, మార్టినా హింగిస్ జోడీ వరసగా 41 మ్యాచ్‌లు గెలిచిన తీరు గుర్తు చేసుకోండి. మన హైదరాబాద్ అమ్మాయి వెనక నుంచి ఫోర్‌హ్యాండ్‌తో బలంగా ఒత్తిడి పెట్టేది, హింగిస్ వల దగ్గర దానికి ఫలితం రాబట్టేది. ఆ స్థాయి మనకు అందకపోయినా ఆ పని విభజన అందుతుంది. నలుగురూ దొరికిన రోజు మ్యాచ్ మొదలుపెట్టే ముందు ఇరవై నిమిషాలు ఇలా ఆడండి: ప్రతి పాయింటూ సర్వీసుతో మొదలవ్వాలి, రిటర్న్ అడ్డంగానే రావాలి, వల దగ్గరున్న ఆటగాడు ప్రతి మూడు పాయింట్లలో ఒక్కసారైనా అడ్డం దూకి వాలీ (బంతి నేలను తాకకముందే కొట్టే షాట్) కొట్టి తీరాలి. తప్పినా సరే దూకాలి. మొదట్లో చాలా పాయింట్లు పోతాయి. ఒక నెల గడిస్తే మీ ఎదుటివాళ్లు మీ కదలిక చూసే బంతిని బయటికి కొడతారు.

ఇద్దరే ఉంటే సగం కోర్టులో ఒకరు వల దగ్గర, ఒకరు బేస్‌లైన్ దగ్గర నిలబడి ఆడండి. బేస్‌లైన్ ఆటగాడికి ఎదుటివాడి తల మీదుగా ఎత్తుగా లాబ్ కొట్టే స్వేచ్ఛ ఉండాలి. అప్పుడే వాలీ సాధనలో తల పైనుంచి బాదే స్మాష్ కూడా కలుస్తుంది, వల దగ్గర ఉన్నవాడు ముందుకు వంగి నిద్రపోడు.

మార్కర్ సమయాన్ని వృథా చేసుకోవద్దు. ఆయనకు డబ్బు ఇస్తున్నారు కాబట్టి మీకు కావలసింది అడగండి. ఒక బంతి ఫోర్‌హ్యాండ్‌కు లోతుగా, తర్వాతిది బ్యాక్‌హ్యాండ్‌కు పొట్టిగా, ఆ తర్వాతిది శరీరం మీదకు, ఏది ఎప్పుడో చెప్పకుండా అందించమనండి. ఆరు బంతులకు ఒక విరామం. పొట్టి బంతి వచ్చినప్పుడు దాన్ని కొట్టి ఊరుకోకండి, దాని వెంటే వల దగ్గరకు వెళ్లి తర్వాతి బంతి వాలీగా ముగించండి. బుట్టలో బంతులు పాతబడితే మార్చండి. నియమం ప్రకారం 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలిన మామూలు టెన్నిస్ బంతి 135 నుంచి 147 సెంటీమీటర్ల వరకు లేవాలి. కొత్త బంతిని, పాత బంతిని పక్కపక్కన తల ఎత్తు నుంచి వదిలి చూడండి, తేడా మీకే కనిపిస్తుంది. మోకాలి ఎత్తుకు లేవని బంతులతో వారమంతా సాధన చేసి, ఆదివారం కొత్త డబ్బా తెరిస్తే ప్రతి షాటూ ఆలస్యమవుతుంది. పాత బంతులను సర్వీసు సాధనకు ఉంచుకోండి.

ఒక్కరే ఉన్న రోజు గోడ ఉంది. నేల నుంచి 3 అడుగుల ఎత్తులో ఒక గీత, దానికి రెండడుగుల పైన ఇంకొక గీత గీసి, బంతి ఆ రెండింటి మధ్య తగిలేలా ఆడండి. గోడ దగ్గరకు పోయేకొద్దీ స్ట్రోకు కుంచించుకుపోతుంది కాబట్టి దూరంగా నిలబడి, బంతి రెండుసార్లు నేలకు తగిలాక కొట్టినా తప్పులేదు. వాలీలకు మాత్రం దగ్గరకు వెళ్లండి. పావుగంట చాలు.

గంటను ఎలా పంచుకోవాలో అడిగారు. మొదటి అయిదు నిమిషాలు సర్వీస్ బాక్సుల్లోనే చిన్న టెన్నిస్, కాళ్లు కదుపుతూ. పావుగంట క్రాస్ కోర్ట్ గీత ఆట. ఇరవై నిమిషాలు ఒకే సర్వీసు ఆట, చెరో పది నిమిషాలు. మిగిలిన సమయమంతా మ్యాచ్, కానీ మామూలు స్కోరు నుంచి కాదు. ప్రతి గేమ్‌నూ సర్వీసు చేసేవాడికి 0–30తో, అంటే రెండు పాయింట్లు వెనకబడి మొదలుపెట్టండి, లేదా నేరుగా టై బ్రేక్‌లు (సెట్ 6–6 అయినప్పుడు ఆడే నిర్ణాయక గేమ్) ఆడండి. ఓడినవాడు టీ ఇప్పించాలి. చిన్న పందెమే అయినా చేతిలో కొంచెం వణుకు రావాలి. వణుకుతున్న చేత్తో సర్వీసు చేయడం కూడా సాధన చేస్తేనే వస్తుంది.

పాయింటు పోయినప్పుడు తల పట్టుకునే అలవాటు ఉంటే ఒక లెక్క చెబుతాను. రోజర్ ఫెదరర్ తన సింగిల్స్ మ్యాచ్‌లలో దాదాపు 80 శాతం గెలిచాడు. కానీ ఆడిన పాయింట్లలో గెలిచింది 54 శాతమేనని 2024లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ విద్యార్థులకు ఆయనే చెప్పాడు. దాదాపు ప్రతి రెండో పాయింటూ ఓడిపోయి ఆయన ఫెదరర్ అయ్యాడు. మీరు రాసిన డబుల్ ఫాల్టుల్లో మొదటిదానికన్నా రెండోది, మూడోది ఎక్కువ నష్టం చేస్తుంటాయని నా అనుమానం. మొదటిది పడ్డాక బంతిని తీసుకోవడానికి కంచెదాకా నెమ్మదిగా నడవండి, తీగలు సరిచేసుకోండి, ఎటు వేయాలో నిర్ణయించుకున్నాకే గీత దగ్గరకు రండి. సాధనలో కూడా ఇలాగే నడవాలి.

భుజం గురించి ఒక హెచ్చరిక. 39 ఏళ్ల వయసులో ఒకే రోజు వంద సర్వీసులు వేయకండి. నలభై, యాభై దగ్గర ఆపండి. నొప్పి మొదలైతే సర్వీసు ఆపి, రెండు వారాలైనా తగ్గకపోతే ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించండి. నూనె రాసుకుని ఆడటం కొనసాగించవద్దు.

పాప విషయంలో తొందరపడి మీ బంతులూ మీ రాకెట్టూ ఇవ్వకండి. పెద్దల బంతి తొమ్మిదేళ్ల పిల్ల భుజం పైకి లేస్తుంది. దాన్ని అందుకోవడానికి పిల్లలు మణికట్టును వంకరగా తిప్పి కొడతారు, ఆ వంకర తర్వాత పోవడం కష్టం. 2012 నుంచి పదేళ్లలోపు పిల్లల పోటీల్లో అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నెమ్మదైన బంతులను తప్పనిసరి చేసింది. ఎరుపు బంతి మామూలు బంతి కన్నా 75 శాతం, నారింజ 50 శాతం, ఆకుపచ్చ 25 శాతం నెమ్మది. మీ పాప వయసుకు నారింజ బంతి, 60 అడుగుల కోర్టు సరిపోతాయి. వల నుంచి 30 అడుగులు కొలవండి. మీరు లోతు కోసం గీసిన 9 అడుగుల గీత సరిగ్గా అక్కడే వస్తుంది, అదే తనకు బేస్‌లైన్. ఆట తనకు పూర్తిగా కొత్త అయితే మొదటి నెల ఎరుపు బంతితో సర్వీస్ బాక్సుల్లోనే ఆడించండి. రాకెట్ 25 అంగుళాలది కొనండి, పెద్దయ్యాక పనికొస్తుందని 27 అంగుళాలది వద్దు. స్ట్రోకులు దిద్దడం మొదట్లో పక్కన పెట్టి, ఇద్దరూ కలిసి వరసగా ఎన్ని బంతులు ఆడగలరో తననే లెక్కపెట్టమనండి. తను ఇంకా ఆడతానంటున్నప్పుడే ఆ రోజుకు ఆపేయండి.